మొదటి జీతం వచ్చింది: 401కే, ఎడ్యుకేషన్ లోన్, ఊళ్లో ప్లాట్... ఏది ముందు?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది ఖమ్మం. రెండేళ్ల క్రితం ఎంఎస్‌కి వచ్చాను. ఈమధ్యే ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద డల్లాస్‌లో ఉద్యోగంలో చేరాను. జీతం ఏడాదికి 80,000 డాలర్లు. ఎడ్యుకేషన్ లోన్ 38 లక్షల రూపాయలు, వడ్డీ 11 శాతం. నాన్న షాద్‌నగర్ దగ్గర ప్లాట్ చూశారు, అడ్వాన్స్ పంపమంటున్నారు. ఆఫీసులో 401కే (జీతంలోంచి నేరుగా వేసుకునే రిటైర్మెంట్ ఖాతా) వివరాలు ఇచ్చారు, జీతంలో 5 శాతం దాకా నేనెంత వేస్తే కంపెనీ కూడా అంత మ్యాచ్ చేస్తుందట. కొన్నేళ్లకి ఇండియా వెళ్లిపోతానేమో, ఇప్పుడెందుకులే అని పక్కన పెట్టాను. ఏది ముందు చేయమంటారు?

*

తమ్ముడూ, పక్కన పెట్టినదాన్ని ఇవాళే తీయి. నేనూ 2011లో అచ్చం ఇలాగే అనుకున్నాను. నా జీతం 72,000. నాతోపాటు అదే వారం, అదే జీతానికి చేరిన రూమ్మేట్ ఒకరోజు ప్రింటర్ దగ్గర తన పే స్టబ్ (జీతం చీటీ) మర్చిపోయాడు. తీసి ఇద్దామని చూస్తే కింద ‘ఎంప్లాయర్ మ్యాచ్’ అన్న చోట 110.77 అని ఉంది. నా దాంట్లో అదే చోట సున్నా. రెండు వారాలకోసారి 110 డాలర్లు, అప్పటికి మూడేళ్లు. లెక్క వేస్తే 8,640 డాలర్లు. కంపెనీ ఇస్తానన్న జీతమే అది, నేను తీసుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ జీతంలో 5 శాతమంటే ఏడాదికి 4,000. నువ్వు 4,000 వేస్తే కంపెనీ ఇంకో 4,000 వేస్తుంది. ఇండియా వెళ్లిపోయినా ఆ ఖాతా నీదే, అలాగే ఉంచుకోవచ్చు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లలోపు తీస్తే మామూలుగా టాక్స్‌తోపాటు 10 శాతం పెనాల్టీ పడుతుంది. కంపెనీ వాటా పూర్తిగా నీది కావడానికి ఎన్నేళ్లు పనిచేయాలో, అంటే వెస్టింగ్ ఎలా ఉందో, హెచ్ఆర్‌ని అడుగు.

మ్యాచ్ మొదలుపెట్టాక చేతిలో కనీసం నాలుగు నెలల ఖర్చు ఉంచుకో. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, రేపు హెచ్1బీ వచ్చాక ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ టైములో అద్దె గురించి టెన్షన్ ఉంటే దొరికిన ఉద్యోగానికల్లా తలూపాల్సి వస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఆ తర్వాత మిగిలిన ప్రతి డాలరూ లోన్‌కే. 38 లక్షల మీద 11 శాతమంటే వడ్డీయే నెలకు దాదాపు 35 వేల రూపాయలు. ఖాయంగా 11 శాతం మిగిల్చే పెట్టుబడి నాకైతే ఇంకోటి తెలియదు. ప్లాట్ సంగతి నాన్నగారికి ఫోన్లో కాదు, కాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో పంపు. మా నాన్నగారు మాటలకు ఒప్పుకోలేదు, అంకెలు చూసి ఒప్పుకున్నారు. లోన్ తీరాక ప్లాట్ కొనుక్కోవచ్చు, అప్పుడు నీ సొంత డబ్బుతో కొంటావు.

*

అన్న చెప్పింది నిజం బాబూ. లోన్ తీరిన నెల నుంచే ఆ కిస్తీ డబ్బును మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌కి మళ్లించు, ఖర్చుకు అలవాటు పడకముందే. నెలకు 500 డాలర్లు, ఏడాదికి సగటున 7 శాతం పెరుగుతుందనుకుంటే, 30 ఏళ్లకు సుమారు 6 లక్షల 10 వేల డాలర్లు. అదే ఐదేళ్లు ఆలస్యంగా మొదలుపెడితే 4 లక్షల 5 వేలు. నువ్వు తక్కువ వేసేది 30 వేలే, తగ్గేది 2 లక్షలు.

కానీ మార్కెట్ పడిన రోజు చేతులు కట్టుకుని కూర్చోవాలి, అదే కష్టం. 2020 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 34 శాతం పడింది. పిల్లల్ని పడుకోబెట్టి, వంటగదిలో లైట్ కూడా వేయకుండా ఫోన్లో సగం అమ్మేశాను. ఆగస్టుకల్లా మార్కెట్ పాత ఎత్తుకు చేరింది, నేను మాత్రం డిసెంబర్‌లో ఎక్కువ ధరకు తిరిగి కొన్నాను. ఇప్పుడు నా ఫోన్లో ఆ యాప్ లేదు. జీతం నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లిపోతుంది.

ఇంకో మాట. ఇండియాలో ఎస్‌ఐపీలు ఉన్నాయా? హెచ్1బీకి మారి ఇక్కడ టాక్స్ రెసిడెంట్ అయ్యాక అక్కడి మ్యూచువల్ ఫండ్లు పీఎఫ్‌ఐసీ (విదేశీ ఫండ్లకు అమెరికాలో ఉన్న ప్రత్యేక పన్ను కోవ) కిందికి వస్తాయి. ఫారం 8621తో తలనొప్పి, పన్నూ ఎక్కువే. దీపావళి పార్టీల్లో లైఫ్ ఇన్సూరెన్సే ఇన్వెస్ట్‌మెంట్ అని ఎవరైనా చెబితే సంతకం పెట్టకు. నీ మీద ఆధారపడ్డవాళ్లు ఉంటే టర్మ్ పాలసీ చాలు.

అన్నట్టు, నీ పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోస్తున్నారేమో చూసి చెప్పు.

*

అక్కా, చూశాను. రెండూ కోశారు, 7.65 శాతం! 401కే మాత్రం 5 శాతానికి పెట్టేశాను, వచ్చే జీతం నుంచి మొదలు. నాన్నకి లెక్క పంపాను, ‘చూస్తాలే’ అన్నారు.

*

ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండకూడదు బాబూ. ముందు పేరోల్ వాళ్లకు మెయిల్ పెట్టి, కోసింది వెనక్కి ఇమ్మని అడుగు. వాళ్లు ఇవ్వకపోతే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఫారం 843, దానితో 8316 పంపాలి. పాత పే స్టబ్‌లన్నీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. మిగిలిన కాగితాలేం కావాలో ఆదివారం చెబుతాను.