ఆదివారం హాఫ్ మారథాన్, పిక్కలు ఇంకా వదల్లేదు: పరుగు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఈ ఆదివారం పొద్దున 6 గంటలకు నా హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు, ఆ టైమ్‌కి 4 డిగ్రీలు ఉంటుందని చూపిస్తోంది. మధ్యలో జ్వరం వచ్చి ప్రాక్టీస్ ఆగిపోవడంతో నేను పరిగెత్తిన అతి ఎక్కువ దూరం 13 కిలోమీటర్లే. అప్పటి నుంచి రెండు పిక్కలూ, కుడి తొడ వెనక కండరమూ పట్టేశాయి. మామూలు కండరాల నొప్పి అయితే రెండు మూడు రోజుల్లో తగ్గాలి, ఇది వారం దాటినా పోలేదు. వాపు లేదు, కుంటడం లేదు, ఎముక మీద నొక్కితే ఒకే చోట పొడిచినట్టూ లేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం బాగా లాగుతుంది, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది, చలిలో పరిగెత్తితే 5వ కిలోమీటరు దగ్గర మళ్ళీ బిగుసుకుంటోంది.

ఫోమ్ రోలర్ (కండరాల మీద దొర్లించే గట్టి ఫోమ్ గొట్టం), వేడినీళ్ళ కాపడం, పూర్తి విశ్రాంతి, బయటికెళ్ళే ముందు ఇంట్లోనే పది నిమిషాల వార్మప్, ఫుల్ టైట్స్, అన్నీ చేశాను. ఐబుప్రోఫెన్ లాంటి మాత్ర వేసుకుని పరిగెత్తను, దూరపు పరుగులో అది కిడ్నీలకు మంచిది కాదు.

కటాఫ్, అంటే పరుగు ముగించాల్సిన గడువు, 3 గంటలు; లెక్కేస్తే కిలోమీటరుకి దాదాపు ఎనిమిదిన్నర నిమిషాలు. టైమ్ పట్టింపు లేదు, పూర్తి చేయాలని మాత్రం చాలా ఉంది. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక అనుకున్నాను కానీ నడిచిన ప్రతిసారీ చలికి కండరం బిగుసుకుంటుందేమోనని టెన్షన్.

ఇలాంటి కాళ్ళతో చలిలో పరిగెత్తినవాళ్ళు చెప్పండి: మొదటి నుంచే పరుగు, నడక కలపాలా, లేక నెమ్మదిగా ఆగకుండా పరిగెత్తి, పట్టేసినప్పుడే నడవాలా?