బేస్‌బాల్: కాలేజీ రిలీవర్‌ని (ఆట మధ్యలో వచ్చి బంతి వేసేవాణ్ణి) ప్రొఫెషనల్‌లో స్టార్టర్‌గా (ఆట మొదటి నుంచి వేసేవాడిగా) మార్చాలా, అలాగే ఉంచాలా?

ఫ్రిస్కో మామయ్య:
మా ఊళ్లో మేజర్ లీగ్ (అగ్రస్థాయి) క్లబ్ టెక్సాస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఎ జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. డబుల్-ఎ అంటే పైకి ఎదిగే కుర్రాళ్లు ఆడే మైనర్ లీగ్‌లో ఒక మెట్టు. ఆ మైదానంలో బుల్‌పెన్లు, అంటే రిలీవర్లు వార్మప్ చేసే చోట్లు, ప్రేక్షకుల కుర్చీల మధ్యలోనే ఉంటాయి. మొన్న రెయిలింగ్ పక్కనే సీటు దొరికింది. ఏడో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ ఫోన్ మోగింది. ఒక కుర్రాడు జాకెట్ విప్పి లేచి ఇరవై బంతుల దాకా వేశాడు. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డప్పుడల్లా మా అబ్బాయి ఉలిక్కిపడుతున్నాడు. ఈలోగా డబుల్ ప్లేతో ఒకేసారి ఇద్దరు అవుటయ్యారు, కుర్రాడు మళ్లీ జాకెట్ వేసుకుని కూర్చున్నాడు. ఎనిమిదిలో మళ్లీ లేచాడు. చివరికి అతన్ని పిలవనే లేదు. స్కోరు పుస్తకంలో ఆ రాత్రి అతను వేసినవి సున్నా బంతులు!

అందుకే నా మాట ఇది: కాలేజీలో రిలీవర్‌గా చేసిన కుర్రాడికి మైనర్ లీగ్‌లో మొదటి రెండేళ్లు స్టార్టర్ పని ఇవ్వాలి. ఎప్పుడు వెయ్యాలో ముందే తెలుస్తుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, మూడో రకం బంతి నేర్చుకునే తీరిక దొరుకుతుంది. జేకబ్ డిగ్రామ్ స్టెట్‌సన్ యూనివర్సిటీలో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్. 2010లో అతన్ని పిచర్‌గా (బంతి వేసేవాడిగా) మొదట క్లోజర్ (చివర్లో వచ్చి ఆట ముగించే రిలీవర్) పనికే వాడారు, తర్వాత స్టార్టర్‌గా మార్చారు. మేజర్ లీగ్ క్లబ్ మెట్స్ వాళ్లూ స్టార్టర్‌గానే పెంచారు. 2018, 2019లో వరసగా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు.

కర్నూలు కర్వ్‌బాల్:
మామయ్య గారూ, అదే డిగ్రామ్‌కి ప్రొఫెషనల్‌గా మొదలైన ఏడాదే మోచేతి లిగమెంట్ మార్చే టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఆ సంగతీ చెప్పాలి కదండీ.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. హ్యూస్టన్ స్ట్రీట్ టెక్సాస్ యూనివర్సిటీ క్లోజర్. 2004 డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఓక్లండ్ తీసుకుంది, 2005లో అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు. మొత్తం 324 సేవ్‌లు (ఆధిక్యం చేజారకుండా ముగించిన ఆటలు). స్టార్టర్‌గా మారుస్తామని కూర్చుంటే ఆ కాలం తిరిగొచ్చేదా? చాడ్ కార్డెరోని చూడండి. కాల్ స్టేట్ ఫుల్లర్టన్ యూనివర్సిటీ నుంచి 2003 జూన్‌లో డ్రాఫ్ట్ అయ్యి ఆగస్టుకే మేజర్ లీగ్‌లో ఉన్నాడు, 2005లో 47 సేవ్‌లు.

డబ్బు సంగతి కూడా మాట్లాడదాం. 2023 ఒప్పందంతో డబుల్-ఎలో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు అయింది. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7,60,000. చెయ్యి ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని పనిలో పై మెట్టు దగ్గర్లో ఉన్నవాణ్ణి కింద ఎందుకు కూర్చోబెట్టడం?

ఫ్రిస్కో మామయ్య:
కార్డెరో పేరు నువ్వే తెచ్చావు తమ్ముడూ. 2008లో భుజం చిరిగింది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. అదే 2003 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ యూనివర్సిటీ నుంచి ర్యాన్ వాగ్నర్‌ని సిన్సినాటి తీసుకుని జూలైలోనే పైకి పంపింది. అతనికీ భుజమే. 2009లో ఆట మానేశాడు.

హ్యూస్టన్ సీత:
2005 అక్టోబరులో మా ఆయనతో కలిసి మా హ్యూస్టన్ ఆస్ట్రోస్, అట్లాంటా బ్రేవ్స్‌ల ప్లేఆఫ్ ఆటకి వెళ్లాను. మామూలుగా తొమ్మిది, ఆ రోజు 18 ఇన్నింగ్స్. కాళ్లు పీకుతున్నా ఎవరూ లేవలేదు. చివర్లో బ్రేవ్స్ తరఫున బంతి పట్టింది జోయీ డివైన్. నార్త్ కరోలినా స్టేట్ క్లోజర్, డ్రాఫ్ట్ అయింది ఆ జూన్‌లోనే. ఆగస్టులో ఆడిన మొదటి రెండు ఆటల్లోనూ గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) ఇచ్చుకున్నాడు. అలాంటి కుర్రాణ్ణి ప్లేఆఫ్స్ చివరి ఘడియలో నిలబెట్టారు. మా క్రిస్ బర్క్ కొట్టిన బంతి గోడ దాటింది, గెలిచాం. ఊరంతా ఎగురుతుంటే నేనూ ఎగిరాను. తర్వాత డివైన్ తల వంచుకుని నడిచి వెళ్లడం కనిపించింది, ఆ అబ్బాయి తల్లి గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

కాలని కుండలో నీళ్లు పోశారు, అంతే. అదే డివైన్ 2008లో ఓక్లండ్‌కి 0.59 ఇ.ఆర్.ఎ.తో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన వల్ల ఇచ్చిన పరుగుల సగటు) బంతులేశాడు, రిలీవర్‌గానే! అంటే పని తప్పు కాదు, తొందర తప్పు. ఆ తర్వాత మోచెయ్యి దెబ్బతింది, అది వేరే బాధ.

పదిహేడో రౌండ్:
మీరంతా ఎక్కువగా డ్రాఫ్ట్ మొదటి రౌండ్ వాళ్ల గురించే మాట్లాడుతున్నారు. డేవిడ్ రాబర్ట్‌సన్ అలబామాలో రిలీవర్. 2006లో యాంకీస్ 17వ రౌండ్‌లో తీసుకున్నారు. 2008లో పైకొచ్చాడు, మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచాడు, 40 ఏళ్ల వయసులోనూ మేజర్ లీగ్‌లో బంతి వేశాడు. చేసింది రిలీవర్ పనే. 2021 నుంచి డ్రాఫ్ట్ 20 రౌండ్లే. అడుగున ఎంపికైనవాడికి స్టార్టర్ పని నేర్పడానికి రెండేళ్లు పెట్టుబడి పెట్టే క్లబ్ ఎక్కడుంది? ఉన్న రెండు రకాల బంతులకే పదును పెట్టుకోవడం ఒక్కటే అతని చేతిలో ఉంది.

కర్నూలు కర్వ్‌బాల్:
సీత గారూ, తొందర విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. ఒక ఏడాది మైనర్ లీగ్‌లో ఉంచినా నష్టం లేదు. పని మాత్రం మార్చొద్దు.

ఫ్రిస్కో మామయ్య:
17వ రౌండ్ మాట నేను ఆలోచించలేదు, నిజం. అయితే నాకు ఇంకా మింగుడు పడనిది ఆ లెక్కకెక్కని బంతులే. రిలీవర్‌గా ఉంచండి, కాదనను. వార్మప్‌లో వేసిన ప్రతి బంతినీ లెక్కలో పెట్టి, రెండుసార్లు లేచినవాడికి మర్నాడు సెలవివ్వండి. తమ్ముడూ, శనివారం నువ్వూ రా. రెయిలింగ్ పక్కన ఇంకో టికెట్ తీస్తాను. పుస్తకం, పెన్సిల్ నేను తెస్తా, ఆ కుర్రాడివి ఇద్దరం కూర్చుని లెక్కపెడదాం.