బాబాయ్ షష్టిపూర్తికి 80ల ఇంగ్లిష్ పాటలు, ఈ ఒక్కటి వేయొచ్చా?
వచ్చే నెల సికింద్రాబాద్‌లో మా బాబాయ్ షష్టిపూర్తి అండీ, కాలేజీ రోజుల్లో ఆయన క్యాసెట్లు అరిగేదాకా విన్న ఇంగ్లిష్ పాప్ హిట్లు ఆ సాయంత్రం వేయాలని ఉంది, కాస్త సాయం చేయండి. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' ఖాయం. 1983లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో 7 వారాలు నంబర్ వన్, మొదట్లో డ్రమ్స్ మీదకి బేస్ గిటార్ వచ్చి చేరే చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అదే ఏడాది 8 వారాలు నంబర్ వన్‌గా ఉన్న 'ద పోలీస్' బ్యాండ్ పాట 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' దగ్గరే టెన్షన్. ట్యూన్ ఎంత మెత్తగా ఉన్నా, దూరమైన మనిషిని అడుగడుగునా గమనిస్తూనే ఉంటానని పాడే పాట అది, పిన్నిని పక్కన కూర్చోబెట్టి వేయొచ్చంటారా? వద్దంటే దాని బదులు ఏది? ఆ రోజుల్లో విన్నవాళ్ళు చెప్పండి, చార్టులో ఎక్కడున్నా పర్వాలేదు, మీకు నిజంగా నచ్చిందే కావాలి.