ఫ్యాన్ ఫిల్మ్‌కి చందాలు వసూలు చేశాం, టీజర్‌కి నోటీసు వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

పెదవాల్తేరు ఫ్రేమ్స్

అందరికీ నమస్తే. ఒక హిట్ తెలుగు సినిమాలోని పోలీసు పాత్ర (పేరు ఇక్కడ వద్దులెండి) ఆ కథకి ముందు వైజాగ్‌లో ఎస్సైగా చేసిన రోజులంటూ 24 నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్ రాసుకున్నాం. ఫిషింగ్ హార్బర్, పాత పోస్టాఫీసు వీధులు, భీమిలి రోడ్డు లొకేషన్లు. బడ్జెట్ 4 లక్షలు. క్రౌడ్‌ఫండింగ్ పేజీలో ఇప్పటికి 143 మంది 1,86,000 ఇచ్చారు. 500 ఇస్తే టైటిల్స్‌లో పేరు, 1,500 ఇస్తే పాత్ర బొమ్మ, డైలాగు ఉన్న టీషర్టు అని పెట్టాం.

58 సెకన్ల టీజర్ యూట్యూబ్‌లో వదిలాక రెండు జరిగాయి. అందులో వాడిన హీరో థీమ్ బిట్‌కి ఆడియో కంపెనీ నుంచి క్లెయిమ్ పడింది. నిర్మాణ సంస్థ లాయరు నుంచి మెయిల్ వచ్చింది, 7 రోజుల్లో అన్నీ తీసేసి డబ్బుకి లెక్క చెప్పమని. "లాభాపేక్ష లేదు, అభిమానులు తీసింది" అని డిస్‌క్లెయిమర్ ముందే వేశాం. డైరెక్టరు గారి అసిస్టెంటు వాట్సాప్‌లో "కానీయండి బ్రో" అన్నాడు కూడా. ఇవి మాకు పనికొస్తాయా? షూటింగ్ ఇంకా మొదలవలేదు.

ఎంవీపీ సెక్టార్ 6

డిస్‌క్లెయిమర్‌తో మొదలుపెడదాం. దానివల్ల రక్షణ ఏమీ లేదు. పైగా ఆ పాత్ర మీది కాదని మీకు ముందే తెలుసని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టయింది.

మన 1957 కాపీరైట్ చట్టంలో అమెరికావాళ్ల "ఫెయిర్ యూజ్" (న్యాయమైన వాడకానికి ఇచ్చే విశాలమైన మినహాయింపు) లేదు. సెక్షన్ 52లో ఉన్నవి విడివిడి మినహాయింపులు: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, ఇలా. "లాభం తీసుకోవట్లేదు" అన్నది ఆ జాబితాలో ఎక్కడా కనపడదు. పేరడీ అంటారేమో. 1996లో కేరళ హైకోర్టు సివిక్ చంద్రన్ కేసులో ఒక నాటకాన్ని ఎదిరిస్తూ రాసిన ప్రతినాటకాన్ని ఫెయిర్ డీలింగే (సెక్షన్ 52 ఒప్పుకునే వాడకమే) అంది నిజమే. కానీ అది మూల నాటకం చెప్పిన రాజకీయాన్ని విమర్శించడానికే పుట్టింది. మీది ఆ హీరోకి పూలదండ. ఆ దారి మీకు లేదు.

ఒట్టి పాత్రకి కాపీరైట్ ఉంటుందా అని రెండో ప్రశ్న వస్తుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది అంది. నిజాయితీ గల పోలీసు, మీసం, జీపు, లంచగొండి మంత్రి... ఇవి ఎవరి సొత్తూ కాదు. అదే పేరు, అదే మేనరిజం, అదే పంచ్ డైలాగు, పాత సంఘటనల ప్రస్తావన అన్నీ ఒకచోట చేరితే లెక్క మారుతుంది. 2016లో దబంగ్ సినిమాలోని చుల్‌బుల్ పాండే పాత్ర విషయంలో బొంబాయి హైకోర్టు, ప్రత్యేకంగా మలిచిన పాత్రకి రక్షణ ఉంటుందనే వైపు మొగ్గింది.

వాట్సాప్ మెసేజ్ సంగతి మర్చిపోండి. లైసెన్సు అంటే హక్కుదారు రాతపూర్వకంగా ఇచ్చింది (సెక్షన్ 30). మన చట్టంలో సినిమాకి "రచయిత" నిర్మాత. డైరెక్టరే అనుమతి ఇచ్చినా చాలదు, ఇక అసిస్టెంటు మాట ఎంత? ఆ నిర్మాత చేతిలో కూడా అన్నీ ఉండకపోవచ్చు. మన దగ్గర శాటిలైట్, డిజిటల్, రీమేక్, హిందీ డబ్బింగ్, ఆడియో ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి అమ్మేస్తారు. అందుకే మీకు రెండు దెబ్బలు రెండు వేర్వేరు దిక్కుల నుంచి తగిలాయి.

ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయిస్తే సరిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది నిర్మాతలు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. కాపీరైట్ అనుమతితో దానికి సంబంధం లేదు.

జగదాంబ టైమ్‌లైన్

యూట్యూబ్ వైపు నేను చెప్తా. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (ఛానెల్ మీద పడే మచ్చ) వేరు. మీకు ఇప్పుడు పడింది కంటెంట్ ఐడీ (యూట్యూబ్ తనంతట తనే పోల్చి పట్టే పద్ధతి) క్లెయిమ్. ఛానెల్‌కి ప్రమాదం లేదు. వీడియో మీద వచ్చే డబ్బు వాళ్లకి పోతుంది, లేదా వీడియో బ్లాక్ అవుతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ బిట్‌ని ట్రిమ్ చేసినా, పాటని మ్యూట్ చేసినా, వేరే ట్రాక్ పెట్టినా క్లెయిమ్ పోతుంది. మీరైతే అదే చెయ్యండి.

"డిస్‌ప్యూట్" బటన్ మాత్రం ఆవేశంలో నొక్కొద్దు. నొక్కితే వాళ్లకి 30 రోజులు టైము. వాళ్లు కాదంటే మీరు అప్పీలు, అప్పుడు వాళ్లకి 7 రోజులు. అక్కడ వాళ్లు టేక్‌డౌన్ (వీడియో తీసేయమనే నోటీసు) పంపితే స్ట్రైకే. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. ఆపైన కౌంటర్ నోటిఫికేషన్ (టేక్‌డౌన్ తప్పని మీరు తిరిగి పంపేది) ఉంది, దాన్ని చదవకుండా పంపేవాళ్లే ఎక్కువ. అందులో మీ అసలు పేరు, అడ్రసు అవతలివాళ్లకి వెళ్తాయి. అమెరికా బయట ఉన్నవాళ్లు యూట్యూబ్ ఉన్న చోటి ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు అందులోనే వాక్యం ఉంటుంది. 58 సెకన్ల టీజర్ కోసం కాలిఫోర్నియా కోర్టుకి తలూపడం దేనికండీ?

మ్యూజిక్ గురించి ఇంకోటి. "మేమే కీబోర్డు మీద మళ్లీ వాయించాం" అంటే తప్పించుకోలేరు. రికార్డింగ్ ఒక హక్కు, ట్యూన్ ఇంకో హక్కు. సెక్షన్ 31సీ కవర్ వెర్షన్ లైసెన్సు సౌండ్ రికార్డింగులకే. ట్యూన్‌ని బొమ్మకి అతికించాలంటే విడిగా అనుమతి కావాలి. ఏఐతో హీరో గొంతు చేయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. 2025లో నాగార్జున గారు తన పేరు, రూపం, గొంతుల వాడకం మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి ఆర్డరు తెచ్చుకున్నారు. అది నిర్మాతతో సంబంధం లేకుండా నటుడు విడిగా పెట్టగలిగే కేసు.

పెదవాల్తేరు ఫ్రేమ్స్

థీమ్ తీసేశాం, క్లెయిమ్ పోయింది. థాంక్స్ అన్నా. కానీ బయట దేశాల్లో స్టార్ ట్రెక్ (అమెరికా అంతరిక్ష కథల సీరియల్) ఫ్యాన్ ఫిల్ములు వందల్లో ఉన్నాయి కదా, వాళ్లని వదిలేసి మాలాంటోళ్ల మీద పడటం ఏంటి?

ఎంవీపీ సెక్టార్ 6

వాళ్లనీ వదల్లేదు. మీరు చదవాల్సిన కేసు సరిగ్గా అదే. ఎక్సనార్ అనే ఫ్యాన్ ఫిల్ముకి క్రౌడ్‌ఫండింగ్‌లో పది లక్షల డాలర్లు దాటి వచ్చాయి. 2015 డిసెంబరు చివర్లో ఆ కథల హక్కుదారులైన పారమౌంట్, సీబీఎస్ కలిసి కేసు వేశాయి. అప్పటిదాకా ఏళ్ల తరబడి చిన్నవాటిని చూసీచూడనట్టు వదిలినవాళ్లే. 2017 జనవరి మొదట్లో జడ్జి ఫెయిర్ యూజ్ వాదన చెల్లదన్నారు, అదే నెలలో రాజీ అయింది. రాజీ ప్రకారం 15 నిమిషాల ముక్కలు రెండు తీసుకోవచ్చు, యూట్యూబ్‌లో యాడ్లు లేకుండా పెట్టుకోవచ్చు, జనం దగ్గర బహిరంగంగా చందాలు ఎత్తకూడదు.

కేసు నడుస్తుండగానే, 2016 జూన్‌లో, ఆ స్టూడియోలు ఫ్యాన్ ఫిల్ములకి నియమాలు ప్రకటించాయి. ఒక కథకి 15 నిమిషాలు, రెండు భాగాలైతే మొత్తం 30. చందాలు 50,000 డాలర్లు దాటకూడదు. నటులు, టెక్నీషియన్లు జీతం లేని ఔత్సాహికులే అయ్యుండాలి. చందా ఇచ్చినవాళ్లకి లైసెన్సు లేని స్టార్ ట్రెక్ సరుకు ఇవ్వకూడదు. టైటిల్‌లో ఆ పేరు రాకూడదు, కింద ఫ్యాన్ ప్రొడక్షన్ అని ఉండాలి. ఇవి చట్టం కావు, ఇలా చేస్తే మీ మీదకి రాము అని యజమాని చెప్పిన మాట. మీ సినిమాకి అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. అయినా హక్కుదారుకి ఎక్కడ మండుతుందో ఆ నియమాలు చూస్తే తెలుస్తుంది. మీ టీషర్టు సరిగ్గా అక్కడే ఉంది.

సిరిపురం లెక్కలు

టీషర్టు గురించి నేనూ అదే అనబోతున్నా. 1,500 తీసుకుని వస్తువు ఇస్తే లెక్కల్లో అది చందా కాదు, అమ్మకం. మీ "లాభాపేక్ష లేదు" వాదన ఆ ఒక్క వరసతో కూలిపోతుంది. పోనీ వస్తువు ఇవ్వం, అంతా బహుమతే అంటారా, బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదికి మొత్తం 50,000 దాటితే దాటిన భాగం కాదు, మొత్తం పన్నుకి లోబడే ఆదాయం అవుతుంది. ఆ 1,86,000 ఎవరి పర్సనల్ అకౌంటులో పడిందో వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

సినిమా ఆడితే వాటా ఇస్తాం అని ఎక్కడా రాయలేదు కదా? రాసి ఉంటే వెంటనే చెప్పండి. అది డిపాజిట్లు, పెట్టుబడుల చట్టాల్లోకి పోతుంది, కాపీరైట్ కంటే పెద్ద తలనొప్పి. అమెరికా నుంచి డబ్బు వచ్చిందా కూడా చూడండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) దృష్టిలో విదేశీ మూలం. అలాంటివి ముందు పక్కన పెట్టండి.

ఇక ఖర్చు ఆపండి. రిఫండ్ ఇస్తే గేట్‌వే ఛార్జీలు సాధారణంగా తిరిగి రావు, ఆ తేడా మీ జేబులోంచే.

పెదవాల్తేరు ఫ్రేమ్స్

వాటా అని రాయలేదు. ఓసీఐ ఒకరు ఉన్నారు, 10,000. టీషర్టు ఆప్షన్ ఇప్పుడే ఆపేశాం. మెయిల్‌కి ఏం రాయాలి? ఇంకా 4 రోజులుంది. క్రౌడ్‌ఫండింగ్ పేజీ డిలీట్ చేసేద్దామా?

ఎంవీపీ సెక్టార్ 6

డిలీట్ వద్దు. సాక్ష్యం మాయం చేశారనిపించుకుంటారు. పేజీని తేదీ కనపడేలా మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకుని, కొత్త చందాలు ఆపండి. టీజర్‌ని ప్రైవేట్‌లో పెట్టండి.

జవాబు గడువులోపే, లాయరు చేత, "వితౌట్ ప్రెజుడిస్" (ఈ జవాబు వల్ల మా హక్కులు పోవు) అని పైన రాసి పంపండి. అరపేజీ చాలు: మెయిల్ అందింది, టీజర్ బయటికి కనపడట్లేదు, వసూళ్లు ఆపాం, షూటింగ్ మొదలవలేదు, మాట్లాడుకోవడానికి సిద్ధం. "మేం తప్పు చేశాం" అనొద్దు, "మేం వీరాభిమానులం" అని కూడా రాయొద్దు. డబ్బు లెక్క ఈ జవాబులో ఇవ్వక్కర్లేదు, తయారుగా మాత్రం పెట్టుకోండి.

వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే సెక్షన్ 62 ప్రకారం అక్కడే కేసు వేయొచ్చు, వైజాగ్ రానక్కర్లేదు. మీకు తెలియకుండా ఇంటెరిమ్ (మధ్యంతర) ఆర్డరు తెచ్చుకోకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద అక్కడి కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దనే ముందస్తు విన్నపం) వెయ్యండి. 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేసుకోవాలి. ఇక్కడి కోర్టులో వేసి ఊరుకుంటే దండగ. సెక్షన్ 63 క్రిమినల్ సంగతీ తెలిసుండాలి: ఆరు నెలల నుంచి మూడేళ్లు. అది కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగలది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో చెప్పింది. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే వీలు కోర్టుకి ఉంది. టీషర్టు ఆపమన్నది అందుకు కూడా.

వాళ్లు మెత్తబడి అనుమతి ఇస్తామంటే సంతోషంలో ఒక్క లైను లెటర్ తీసుకోకండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. యూట్యూబ్ ప్రపంచమంతా కనపడుతుంది. కాబట్టి లెటర్‌లో పాత్ర పేరు, నిడివి, ఏ ఛానెల్, ఎన్నేళ్లు, ప్రపంచవ్యాప్తంగా, యాడ్లు ఉండవు, చందాల పరిమితి ఎంత, అన్నీ ఉండాలి. ఆడియో కంపెనీది విడిగా.

ఇవ్వకపోతే పాత్రని మీదిగా మార్చుకోండి. పేరు, డైలాగు, మేనరిజం, పాత కథ ప్రస్తావనలు తీసేశాక స్క్రిప్టులో ఏం మిగిలిందో చూడండి. ఆర్.జి. ఆనంద్ కేసులో కొలత ప్రేక్షకుడే: రెండూ చూసినవాడికి ఇది దానికి కాపీయే అని నిస్సందేహంగా అనిపించకూడదు. మీ హార్బర్ కథ బలంగా ఉంటే నిలుస్తుంది.

సిరిపురం లెక్కలు

మార్చుకుంటే ఆ 143 మందికీ ముందు మెయిల్ పెట్టండి. వాళ్లు డబ్బిచ్చింది ఆ హీరో కోసం. "కథ మారింది, వద్దనుకుంటే 15 రోజుల్లో చెప్పండి, పూర్తిగా వెనక్కిస్తాం" అని. జవాబు రానివాళ్లని ఒప్పుకున్నట్టు లెక్కేయొద్దు, వాళ్ల మొత్తం అకౌంటులో అలాగే ఉంచండి. టీషర్టు వాళ్లకి, ఆ ఓసీఐ ఆయనకి అడక్కుండానే తిరిగిచ్చేయండి.

జగదాంబ టైమ్‌లైన్

కొత్త టీజర్‌ని పాత వీడియో లింకు మీదే ఎడిట్ చేసి పెట్టాలని చూడకండి, కొత్తగా అప్‌లోడ్ చెయ్యండి. థంబ్‌నెయిల్, ట్యాగ్‌లు, డిస్క్రిప్షన్‌లో ఆ సినిమా పేరు, హీరో పేరు ఎక్కడా ఉండకూడదు. పాత్ర మార్చి ట్యాగ్‌లు మర్చిపోతే అవతలి లాయరు ముందు వెతికేది అక్కడే. హార్బర్‌లో డ్రోన్ షాట్ ఉందంటే చెప్పండి, నేవీ వాళ్ల ఏరియా కాబట్టి దానికి వేరే కథ ఉంది.