మా తమ్ముడు "చిలకెక్కాడు": మిలిటరీ పేర్లతో మీ ఇంట్లో జరిగిన కామెడీలు ఉంటే చెప్పండి

సోంపేట_అన్న:
మా తమ్ముడు నేవీకి సెలెక్టయ్యాడు. పోయిన వారమే ట్రైనింగ్‌కి ఐఎన్ఎస్ చిల్కాలో దింపి వచ్చాం. అప్పటి నుంచి మా నాన్నమ్మ వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ "మా గుంటడు చిలకెక్కాడు" అని చెబుతోంది. పాలు పోసే ఆయన "ఏ చిలకమ్మా, విమానమా?" అని అడిగాడట.

ఐఎన్ఎస్ అంటే ఓడ అని ఆవిడ లెక్క. నేనూ అదే అనుకున్నాను. తీరా వెళ్తే గేటు, గోడ, చెట్లు. ఓడ లేదు. ఒడిశాలో చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న శిక్షణ కేంద్రం అది. మేం భువనేశ్వర్ వెళ్తుంటే రైలు కిటికీలోంచి కనిపించే సరస్సే. "నీళ్లలో లేని ఓడేంట్రా, నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారా?" అంటోంది. ఏం చెప్పాలి?

మాజీ_నావికుడు:
బాబూ, మీ నాన్నమ్మగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇది బ్రిటిష్ నేవీ నుంచి వచ్చిన అలవాటు. అప్పట్లో వాళ్ల నేవీ చట్టం ఓడ పుస్తకాల్లో పేరున్నవాళ్లకే వర్తించేది. ఒడ్డున పనిచేసేవాళ్లని కూడా చట్టం కిందికి తేవాలంటే ఏదో ఒక ఓడ లెక్కలో రాయాలి. అలా బిల్డింగులకే ఓడ పేర్లు పెట్టేశారు. ఇంగ్లిష్ వాళ్లు వాటిని స్టోన్ ఫ్రిగేట్ అంటారు, అంటే రాతి ఓడ. లోపల నేల డెక్కు, వంటిల్లు గ్యాలీ. గేటు దాటి టీ తాగడానికి వెళ్లినా "ఒడ్డుకి వెళ్లడమే".

మన విశాఖలోనే చూడండి. ఐఎన్ఎస్ సర్కార్స్ అంటే ఉత్తర సర్కారుల పేరు మీద ఉన్న నేవీ బేస్. మా ఊళ్లో మాత్రం నేను ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తాననే అనుకునేవారు. ఐఎన్ఎస్ డేగ నేవీ విమానాశ్రయం. ముంబైలో ఐఎన్ఎస్ హమ్లా ఉంది. హిందీలో హమ్లా అంటే దాడి కదా, అక్కడ నేర్పేది స్టోర్సు, లెక్కలు, వంట!

ఇక నా సంగతి. 90ల్లో కొత్తగా పెళ్లయింది, ఆషాఢమని మా ఆవిడ తునిలో పుట్టింట్లో ఉంది. నాకు పచ్చకామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డాను. విశాఖ నేవీ ఆసుపత్రి పేరు కల్యాణి. మా బ్యారక్ స్నేహితుడు, హర్యానా వాడు, నా మీద ప్రేమతో మా అత్తగారి పక్కింటికి ఫోన్ చేసి, వచ్చీరాని తెలుగులో "మీ అల్లుడు కల్యాణి దగ్గర ఉన్నాడు, రెండు వారాలు రాడు" అని చెప్పి పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మా మావయ్య ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రైలు దిగాడు. గేటు దగ్గర సెంట్రీని "కల్యాణి ఎక్కడ?" అని గద్దించాడట. సెంట్రీ బోర్డు చూపించాడు. మావయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, మారు మాట్లాడకుండా రోడ్డు మీదికి వెళ్లి డజను బత్తాయిలు కొనుక్కొచ్చాడు. తగాదాకి వచ్చిన పెద్దమనుషులిద్దరూ నా మంచం పక్కన కూర్చుని అవి ఒలుచుకు తిన్నారు. మా ఆవిడ మాత్రం, కేస్ షీటు తెచ్చి చూపించేదాకా నమ్మలేదు.

గాలి_వారబ్బాయి:
నాది ఆర్మీ. మా ఇంటిపేరు గాలి. ఫారంలో జి. రమేష్ అని రాస్తే "జి అంటే పూర్తిగా రాయి" అన్నారు, రాశాను. మనవాళ్లకి ఇంటిపేరు ముందు కదా, ఉత్తరాది వాళ్లకి ముందుండేదే పేరు. మొదటి రోజు ఫాలిన్‌లో, అంటే అందర్నీ వరసలో నిలబెట్టినప్పుడు, ఉస్తాద్ (మాకు డ్రిల్ నేర్పేవాడు) "నామ్ క్యా హై?" అన్నాడు. "గాలీ, ఉస్తాద్!" అని అరిచాను. హిందీలో గాలీ అంటే తిట్టు అని నాకప్పటికి తెలీదు. "నేను పేరడిగితే తిట్టు అంటావా?" అని గ్రౌండు చుట్టూ ఫ్రంట్ రోల్ కొట్టించాడు. లేచాక మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను, పేరు మారదు కదా!

చివరికి కడప వాడొకడు ధైర్యం చేసి "ఉస్తాద్, గాలి అంటే మా భాషలో హవా" అన్నాడు. అప్పటినుంచి నేను హవా. ప్రమోషన్ వచ్చాక హవా హవల్దార్.

పుస్తకాల_పురుగు:
పెద్ద దేశాలకీ తప్పలేదు లెండి. అమెరికా నేవీ నౌకాదళాధిపతి పదవికి పొట్టి పేరు "సింకస్". పలికితే ఇంగ్లిష్‌లో "మమ్మల్ని ముంచు" అన్నట్టుంటుంది. 1941 డిసెంబర్‌లో జపాన్ దాడి చేసినప్పుడు పెర్ల్ హార్బర్‌లో వాళ్ల ఓడలు నిజంగానే మునిగాయి. ఆ నెలలోనే ఆ పదవిలోకి వచ్చిన అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్‌కి అది వినబుద్ధి కాలేదు. "కామించ్" అని మార్పించాడు. తెలుగువాడి చెవికి అదీ అంత గొప్పగా లేదనుకోండి.

సోంపేట_అన్న:
@మాజీ_నావికుడు బాబాయ్, మీ రాతి ఓడ సంగతి నాన్నమ్మకి చదివి వినిపించాను. కల్యాణి దగ్గర పొలమారేలా నవ్వింది. తర్వాత కాసేపు ఆలోచించి "అయితే ఆ ఓడ ఎక్కడికీ కదలదన్నమాట" అంది. కదలదన్నాను. "మరి ముందే చెప్పొచ్చు కదరా, అడ్రసు రాసివ్వు" అని లేచి వెళ్లింది. ఇప్పుడు సున్నుండలకి మినుములు వేయిస్తోంది. ట్రైనింగ్‌లో పార్సిల్ లోపలికి రానిస్తారా బాబాయ్?