సంవర్ధియా? సంవర్తియా?

నభోవీథి: రెటినాయిడ్లు (విటమిన్ ఎ జాతి రసాయనాలు), రొమ్ము క్యాన్సర్ వ్యాప్తి మీద వ్యాసం రాస్తున్నాను. శీర్షికకి పోతన "ఇంతింతై వటుడింతయై" పద్యం చివరి పాదం అనుకున్నాను. "బ్రహ్మాండాంత సంవర్..." తర్వాత ర్ధియా, ర్తియా?

శార్దూలం: ర్ధి. సంవర్ధి అంటే పెరిగేవాడు. ఇందులో సందేహమేముంది?

గణవిభజన: ఉంది. 18వ అక్షరం ఎలా చదివినా లఘువే, యతి 13 దగ్గరే తీరిపోయింది. ఛందస్సు సాక్ష్యానికి రాదు. సంవర్తమంటే ప్రళయం, బ్రహ్మాండం అంచున అదీ నప్పుతుంది.

శార్దూలం: "ఇంతింతై" అని మొదలెట్టినవాడు ప్రళయంలో దించుతాడా! పోతన చేయి అది కాదు.

జైమోగ్రాం: ర్ధి అయితే శీర్షికే తప్పు. వటుడు పెరిగాడు, పాకలేదు. వ్యాప్తి చెందాలంటే క్యాన్సర్ కణం ముందు తన కింద ఉండే ఆధారపొరలోని నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని కోయాలి. ఆ పని ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే ఎంజైములది. ల్యాబులో కూడా పెరుగుదలనీ వ్యాప్తినీ కలిపేస్తారు. రెటినోయిక్ ఆమ్లం అనే రెటినాయిడ్ వేస్తే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గుతుంది. కణాలే తక్కువైతే ఎంజైమూ తక్కువే, ఎంజైముని చూపే జెల్‌లో పట్టీ పలచబడుతుంది. దాన్ని చూసి వ్యాప్తి ఆగిందంటే ఎలా? కణాల లెక్కతో సరిచూసి అప్పుడు మాట్లాడాలి.

నభోవీథి: జెలటిన్ జెల్ పద్ధతేనా?

జైమోగ్రాం: అదే. జెల్‌లో 0.1 శాతం జెలటిన్, ఎంజైమ్ దాన్ని కోసిన చోట రంగు అంటదు. నమూనాని మరిగించకూడదు, ప్రోటీన్ బంధాలు తెంచే మెర్కాప్టోఎథనాల్ కలపకూడదు, కలిపితే ఎంజైమ్ మళ్లీ మడతపడదు. జెల్‌లో ప్రోటీన్ మడతలు విప్పిన ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌ని 2.5 శాతం ట్రైటాన్ అనే మెత్తటి డిటర్జెంట్‌తో కడిగేసి, కాల్షియం ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. కూమాసీ అనే నీలిరంగులో తెల్ల పట్టీలు తేలతాయి: 92 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఎంఎంపీ-9, 72 దగ్గర ఎంఎంపీ-2. కణాలు పెంచే ద్రవంలో (మీడియంలో) సీరం ఉంటే దూడ సీరంలోని ఎంజైమే పట్టీ వేసి మోసం చేస్తుంది. రెటినోయిక్ ఆమ్లం వెలుతురు తగిలితే పాడవుతుంది, ట్యూబుకి రేకు చుట్టాల్సిందే.

గణవిభజన: పెరుగుదలైనా అన్నిచోట్లా తగ్గుతుందా? ఆమ్లాన్ని సీఆర్ఏబీపీ-2 అనే ప్రోటీన్ మోస్తే ఆర్ఏఆర్ అనే గ్రాహకానికి చేరి పెరుగుదలకి కళ్లెం పడుతుంది. ఎఫ్ఏబీపీ-5 అనే మరో ప్రోటీన్ మోస్తే పీపీఏఆర్-డెల్టా అనే వేరే గ్రాహకానికి చేరి కణం బతికి బట్టకడుతుంది. ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రొమ్ము క్యాన్సర్ కణజాతి అంత తేలిగ్గా లొంగదు కూడా. మీ ర్ధి అంత నమ్మకమైనదేం కాదు!

శార్దూలం: పోతన అసలు పనితనం "తోయదమండలాగ్రమున కల్లంతై"లో ఉంది, తోయదమండలమంటే మేఘమండలం. అగ్రమునకు, అల్లంతై. ఆ "అల్ల"తో వేలెత్తి చూపిస్తాడు, మనం తలెత్తుతాం.

గణవిభజన: "అల్ల" దూరానికా, ఎత్తుకా?

శార్దూలం: దూరానికే. "అల్లంత దూరాన" అనరూ?

గణవిభజన: మేఘమండలం దూరమా, ఎత్తా?

నభోవీథి: శీర్షిక సంగతి?

జైమోగ్రాం: పద్యం వదిలేసి "పొర కోసే ఎంజైములు" అని పెట్టండి.