కార్టూన్‌ని నటులతో భారీ సినిమా చేయాలంటే ఎలాంటి దర్శకుడు కావాలి? ఇంకో ఉదాహరణ దొరకట్లేదు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సినిమా పిచ్చోళ్లం కొందరం నెలకోసారి కలుస్తాం. ఈ ఆదివారం మాట్లాడే వంతు నాది, 20 నిమిషాలు. విషయం పైన రాసిందే.

మొదట "కార్టూన్ తీసినవాడే సినిమా కూడా తీయాలి" అని రాసుకున్నా. హాలీవుడ్ దర్శకుడు డీన్ డెబ్లోయిస్ సరిగ్గా సరిపోయాడు. 2010లో క్రిస్ శాండర్స్‌తో కలిసి తీసిన డ్రాగన్ల యానిమేషన్ 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్'నే 2025లో నటులతో మళ్లీ తీశాడు, బాగా ఆడింది. కానీ మన హైదరాబాద్ రాజీవ్ చిలక తన ఛోటా భీమ్‌ని 2024లో నటులతో తనే తీస్తే టీవీలో ఉన్న ఊపు థియేటర్లో రాలేదు.

పోనీ పేరున్న దర్శకుడైతే? టీవీ కార్టూన్‌ని నటులతో తీసిన 2010 నాటి శ్యామలన్ 'ది లాస్ట్ ఎయిర్‌బెండర్' గుర్తొచ్చి కొట్టేశా (అభిమానులు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు). డబ్బు సంగతీ చూశా, దానికి ఖర్చుకేం తక్కువ చేయలేదు.

ఇప్పుడు నాకు నచ్చుతున్నది ట్రావిస్ నైట్ దారి. యానిమేషన్ నుంచి వచ్చి, తను సృష్టించని ట్రాన్స్‌ఫార్మర్స్‌ (రూపం మార్చుకునే రోబోల బొమ్మలు, కార్టూన్లు) లోకంలో 2018లో బంబుల్‌బీ తీశాడు. అయితే ఒక్క పేరుతో మావాళ్ల ముందు నిలబడలేను.

ఇలా యానిమేషన్ నుంచే వచ్చి, వేరేవాళ్ల కార్టూన్‌ని నటులతో తీసి మెప్పించిన దర్శకుడు ఇంకెవరైనా ఉన్నారా?